ఉస్తాద్ చేతి బండికి కాగితం ఎవరిస్తారు?

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో మైదానం మెల్లమెల్లగా అడవిగా మారుతుంది. 'భద్రాచలం రోడ్' అని పేరు పెట్టుకున్న రైల్వే స్టేషన్ నిజానికి కొత్తగూడెంలో ఉంది. అక్కడ దిగినవారు గోదావరి దాటి భద్రాచలం చేరాలంటే ఇంకా దాదాపు 40 కిలోమీటర్లు వెళ్లాలి. ఈ ప్రాంతపు రవాణా కథ అంతా ఆ ఒక్క పేరులో ఇమిడి ఉంది. రైలు ఆగిన చోట బస్సు అందుకోవాలి, బస్సు ఆగిన చోట ఆటో వెతుక్కోవాలి, ఆటో రానని మొరాయించిన చోట కాళ్లకు పని చెప్పాలి. చర్ల, దుమ్ముగూడెం, ములకలపల్లి మండలాల లోపలి గూడేలకు ఆ చివరి నాలుగైదు కిలోమీటర్లే అసలు దూరం. నడవలేని వృద్ధుడికి, కాలు చచ్చుబడిన యువకుడికి, నిండు గర్భిణికి ఆ దూరం మరింత పెరుగుతుంది.

ఆ చివరి దూరాన్ని తగ్గించే ప్రయత్నం సచివాలయాలలో కంటే ముందు రోడ్డు పక్కన రేకుల షెడ్లలో మొదలైంది. పాత మోటారుసైకిల్ వెనుక భాగాన్ని కోసి, రెండు చక్రాలను అమర్చి, పైన ఇనుప చట్రం గాని ఫైబర్ తొడుగు గాని బిగించిన మూడు చక్రాల బండ్లను మన జిల్లాలలో చూడనివారు ఉండరు. ఉల్లిపాయలు, ప్లాస్టిక్ సామాను వేసుకుని వీధివీధీ తిరిగేవి కొన్ని, నడవలేని మనిషిని అతని పని దాకా చేర్చేవి కొన్ని. వాటిని తయారుచేసినవాడి పేరు బండి మీద ఉండదు. అతన్ని అందరూ 'ఉస్తాద్' అని పిలుస్తారు. హిందువైనా ముస్లిమైనా షెడ్డు పెద్ద ఉస్తాదే. ఉర్దూ నుంచి వచ్చిన ఆ మాట మెకానిక్ వృత్తిలో ఇంతగా స్థిరపడిందంటే, ఆ వృత్తితో ముస్లింల అనుబంధం ఎంత పాతదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ బండిని 'జుగాడ్' అని ఒక్క మాటతో తీసిపారేసేవారు దాని తయారీలోని ఆలోచనను గమనించరు. మోటారుసైకిల్ మలుపు తిరిగేటప్పుడు ఒక పక్కకు వాలుతుంది. అందువల్ల దాని చక్రం మీద భారం ఎప్పుడూ ఇంచుమించు నిలువుగానే పడుతుంది. మూడు చక్రాల బండి అలా వాలదు. మలుపులో భారమంతా చక్రాన్ని పక్కకు నెడుతుంది. మోటారుసైకిల్ చక్రపు సన్నని స్పోకులు ఆ తోపుడుకు వంగిపోతాయి. అనుభవం ఉన్న ఉస్తాద్‌కు ఈ సంగతి తెలుసు. అందుకే వెనుక భాగానికి మోటారుసైకిల్ చక్రాలు వాడకుండా, తుక్కు దుకాణంలో దొరికే పాత ఆటో ఇరుసును, దాని చక్రాలతో సహా తెచ్చుకుంటాడు. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే టైరు నేలను గీరుకుంటూ అరిగిపోతుంది, బండి మలుపు తిరగనని మొండికేస్తుంది. ఆటో ఇరుసుతో వచ్చే డిఫరెన్షియల్ ఆ చిక్కు తీరుస్తుంది. బరువు కిందికి, వెనుక ఇరుసుకు దగ్గరగా ఉండకపోతే ముందు ఒకే చక్రమున్న బండి మలుపులో బోల్తా కొడుతుంది. ఈ పాఠాన్ని అతను పుస్తకంలో చదవలేదు, పని చేస్తూ చేస్తూ నేర్చుకున్నాడు.

ఫైబర్ తొడుగు సంగతీ అంతే. ముందుగా చెక్కతోనో ప్లాస్టర్‌తోనో అచ్చు తయారుచేసి దానికి మైనం పూస్తారు. ఆపైన గాజునారతో చేసిన మ్యాట్‌ను పరచి, హార్డెనర్ కలిపిన రెసిన్‌తో తడుపుతారు. లోపల గాలిబుడగలు మిగలకుండా రోలర్‌తో నొక్కుతూ పొర మీద పొర వేస్తారు. ఎండ మండిపోయే మే నెలలో హార్డెనర్ కాస్త ఎక్కువైతే పని పూర్తికాకముందే రెసిన్ గట్టిపడిపోతుంది. వానాకాలపు తేమలో సరిగా ఆరక జిగటగా మిగిలిపోతుంది. పాల్వంచ ఎండకూ గోదావరి గట్టు తేమకూ తగినట్టు ఆ పాళ్లను మార్చుకోవడం చేతికి అబ్బవలసిన విద్య. అలా తయారైన తొడుగు తుప్పు పట్టదు, ఇనుము కంటే తేలిక, పగిలితే చిన్న ముక్క అతికించి బాగుచేసుకోవచ్చు. చిన్న ఇంజనుతో అడవి దారి ఎక్కవలసిన బండికి అంతకంటే తగిన తొడుగు దొరకడం కష్టం.

ఇంత చేసిన తరువాత ఆ బండి రోడ్డెక్కితే ఏమవుతుంది? 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణ తరువాత అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. జుగాడ్ బండ్లు కూడా మోటారు వాహనాలేననీ, రిజిస్ట్రేషన్, బీమా వంటి నిబంధనలన్నీ వాటికీ వర్తిస్తాయనీ సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. కొత్త నమూనాను చట్టబద్ధం చేసుకోవాలంటే పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థకు పంపి ధ్రువీకరణ పొందాలి. పెద్ద కంపెనీకి అది మామూలు ఖర్చు. రోజు కూలితో ఇల్లు గడుపుకునే ఉస్తాద్‌కు ఆ దారి మూసి ఉన్నట్టే లెక్క.

న్యాయస్థానం మాటను నేను తప్పుపట్టడం లేదు. బీమా లేని బండి ఎవరినైనా ఢీకొడితే పరిహారపు భారమంతా యజమాని మీదే పడుతుంది. యజమాని పేదవాడైతే బాధితుడి చేతికి ఏమీ రాదు. ఆ బాధితుడు కూడా ఏ కోయ గూడెపు కూలీయో, ఏ బస్తీ పిల్లవాడో అయి ఉంటాడు. బ్రేకు సరిగా పట్టని బండిని పేదవాడు తయారుచేశాడన్న కారణంతో సమర్థించడం పేదవాడికి చేసే మేలు కాదు. భద్రతా ప్రమాణం ఉండి తీరాలి. అయితే ఆ ప్రమాణాన్ని అందుకోవడానికి ఒక మెట్టు కూడా ఉండాలి కదా! మెట్టు కట్టకుండా గోడ మాత్రమే కట్టిన చట్టం భద్రతను పెంచదు. బండ్లు రాత్రిపూట, దొంగదారిన, మరింత ప్రమాదకరంగా నడిచేలా చేస్తుంది.

మెట్టు కట్టడం అసాధ్యమేమీ కాదని ఈ దేశమే రుజువు చేసింది. 2014 జూలైలో ఢిల్లీ హైకోర్టు ఈ-రిక్షాలను నిషేధించింది. వేలాది కుటుంబాల బతుకుతెరువు ప్రశ్నార్థకం కావడంతో కేంద్రం అదే ఏడాది అక్టోబరులో నిబంధనలను మార్చింది, 2015లో చట్టాన్నే సవరించింది. తయారీదారులతో పాటు రిజిస్టరయిన ఈ-రిక్షా సంఘాలు కూడా ఒక నమూనాను పరీక్షకు సమర్పించే వీలు కల్పించింది. విడివిడిగా ఒక్కొక్కరికీ అందని పరీక్ష సంఘంగా నిలిచినవారికి అందింది. దేశ రాజధానిలో సాధ్యమైన పని భద్రాచలం అడవి అంచున ఎందుకు సాధ్యం కాదు?

మన సమాజానికి చేతిపనివారి మీద గౌరవం లేదని కూడా అనలేము. హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం వ్యవస్థాపకుడు సుధాకర్ తయారుచేసిన మహా ట్రైసికిల్ 2005లో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన చింతకింది మల్లేశం తల్లి కష్టం చూడలేక ఆసు యంత్రాన్ని కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. గుజరాత్‌లోని అమ్రేలీ జిల్లాకు చెందిన మన్సుఖ్‌భాయి జగానీ బుల్లెట్ మోటారుసైకిల్ వెనుక చక్రం తీసేసి, అక్కడ సేద్యపు పరికరాన్ని అమర్చి దుక్కి దున్నించారు. నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ అండతో ఆ 'బుల్లెట్ సాంతీ'కి పేటెంట్ కూడా లభించింది. ఈ గౌరవాలు న్యాయమైనవే. వెలితి ఒక్కటే. ప్రదర్శనలో నిలిచిన బండికి చప్పట్లు దొరుకుతాయి, పొలంలో నడిచిన యంత్రానికి పురస్కారం దొరుకుతుంది, మనిషిని ఎక్కించుకుని రోడ్డు మీద నడిచిన బండికి మాత్రం చలానా దొరుకుతుంది.

ఈ ప్రశ్నను మైనారిటీల హక్కుల వేదిక మీద ఎందుకు లేవనెత్తాలని కొందరు పాఠకులు అడగవచ్చు. ముస్లింలు నెలజీతపు ఉద్యోగాలలో తక్కువగా, స్వయం ఉపాధిలో ఎక్కువగా ఉన్నారనీ, బ్యాంకు రుణాలు వారికి తగినంతగా అందడం లేదనీ 2006లో సచార్ కమిటీ నివేదిక గుర్తించింది. మోటారు వాహనాల అమ్మకం, మరమ్మతు రంగంలో వారి వాటా గణనీయమని కూడా అదే నివేదిక చూపింది. ఈ రెండు మాటలనూ కలిపి చదివితే మన షెడ్డు కళ్లముందు నిలుస్తుంది. ముప్పై ఏళ్ల పనితనం ఉన్న మనిషి బ్యాంకు మెట్లెక్కితే మొదట అడిగేది కాగితం. పదేళ్ల వయసులో బడి మానేసి షాగిర్ద్‌గా చేరినవాడి దగ్గర ఆ కాగితం ఎక్కడి నుంచి వస్తుంది?

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరి, వడ్రంగి, తాళాలు బాగుచేసేవారు, పడవలు తయారుచేసేవారు, మంగలి, చాకలి, దర్జీ అందులో ఉన్నారు. పనిముట్ల కోసం 15,000 రూపాయలు, ఆపైన రెండు విడతలుగా 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి రుణం, చేతికి ఒక గుర్తింపు పత్రం. ఆ వృత్తులన్నిటికీ అది దక్కవలసిందే. కానీ మోటారు మెకానిక్, వెల్డర్, ఫైబర్ అచ్చు పనివాడు ఆ జాబితాలో లేరు. తాతల నాటి వృత్తికే సంప్రదాయమన్న పేరు దక్కింది. కాలంతో పాటు చేయి మార్చుకుని గడ్డపార నుంచి గ్యాస్ వెల్డింగ్‌కు వచ్చినవాడు ఏ జాబితాకూ చెందనివాడయ్యాడు.

ఇందులో ఎవరి హక్కుకూ మరొకరి హక్కు పోటీ కాదు. షెడ్డులో ఉస్తాద్ ముస్లిం కావచ్చు, ఆ బండి ఎక్కేది కోయ వృద్ధురాలు కావచ్చు, దాన్ని నడిపేది పోలియో సోకిన దళిత యువకుడు కావచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 41వ సెక్షన్ తక్కువ ఖర్చుతో వ్యక్తిగత చలనశీలతకు, అందుకోసం వాహనాలలో మార్పులు చేయడానికి తగిన పథకాలు రూపొందించాలని ప్రభుత్వాలకు చెబుతోంది. వికలాంగుల కోసం మార్చిన వాహనాలకు మోటారు వాహనాల చట్టంలోనూ చోటుంది. అంటే తలుపు కొంత తెరిచే ఉంది. దాన్ని ఉస్తాద్ దాకా తెరవవలసిన పనే మిగిలింది.

అందుకు నాలుగు పనులు జరగాలి. మొదటిది, కేంద్ర నైపుణ్యాభివృద్ధి పథకంలోని పూర్వ నైపుణ్య గుర్తింపు విభాగం కింద ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం కేంద్రాలుగా షెడ్డు పనివారికి పరీక్ష పెట్టి ధ్రువపత్రాలివ్వాలి. రెండవది, ఈ-రిక్షా సంఘాలకు ఇచ్చినట్టే మెకానిక్ సంఘాలకు కూడా ఒక ఉమ్మడి నమూనాను పరీక్షకు పంపే అవకాశం ఇచ్చి, ఆ రుసుమును ప్రభుత్వం భరించాలి. స్థానిక పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాలల అధ్యాపకులు ఇరుసు, బ్రేకు, బరువు లెక్కలలో తోడ్పడాలి. మూడవది, మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్, ఐటీడీఏ కలిసి అలా ఆమోదం పొందిన బండ్లకు రుణం, బీమా కల్పించాలి. నాలుగవది, ఆ షెడ్లలో పనిచేసేవారి ఊపిరితిత్తులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫైబర్‌ను గ్రైండర్‌తో రుద్దినప్పుడు లేచే గాజు ధూళి, రెసిన్ నుంచి వచ్చే ఆవిరి ప్రాణాంతకం కాకుండా ఉండాలంటే సరైన మాస్కు, గాలి ఆడే చోటు తప్పనిసరి. రుమాలు కట్టుకుని పని చేయడం రక్షణ కాదు.

సంఘాలుగా మనం చేయవలసింది కూడా ఉంది. తయారుచేసిన ప్రతి బండికీ కొలతలు రాసిపెట్టుకోవాలి. ఎంత బరువుతో ఎంత దూరంలో ఆగిందో పరీక్షించి నమోదు చేయాలి. ఏ భాగం విరిగిందో, ఎందుకు విరిగిందో దాచకుండా రాయాలి. పదేళ్ల పిల్లవాడిని షాగిర్ద్‌గా తీసుకోకుండా బడికి పంపి, పదోతరగతి తరువాత ఐటీఐ దారి చూపాలి. ఉస్తాద్ తలలో ఉన్న విద్య కాగితం మీదికి వస్తేనే అది తరువాతి తరానికి అందుతుంది, అధికారి ముందు నిలబడుతుంది.

భద్రాచలం ఏరియా ఆసుపత్రికి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గ్రామాల నుంచి కూడా రోగులు వస్తారు. వారిలో ఎందరో మొదటి కొన్ని కిలోమీటర్లు మంచం మీదో, మనుషుల భుజాల మీదో ప్రయాణించి రోడ్డుకు చేరుతారు. ఆ కొన్ని కిలోమీటర్లకు తగిన బండిని తయారుచేయగల చేతులు పాల్వంచ, సారపాక సెంటర్లలో ఈ పూటా పనిలోనే ఉన్నాయి. పరీక్షకు నిలబడడానికి ఆ చేతులు సిద్ధమే. పరీక్ష పెట్టవలసినవారే ఇంకా అక్కడికి రాలేదు.