కేసు బదిలీపై త్వరగా తేల్చండి

కార్మిక శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

ఉద్యోగం నుంచి తీసేసిన మా తోటి కార్మికుడి కేసు లేబర్ కోర్టులో నడుస్తోంది. యాజమాన్యం లాయరు అడిగినప్పుడల్లా వాయిదా దొరికింది. మా లాయరు ఒంట్లో బాగాలేక ఒక్కపూట రాకపోతే, యాజమాన్యం సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసే అవకాశమే మూసేశారు. ‘ఎలాగూ నిలవని కేసు, రాజీ పడండి’ అన్న మాట బెంచి మీద నుంచే వినిపించింది.

న్యాయాధికారి మనసులో ఏముందో మేం చెప్పలేం. కానీ పక్షపాతం ఉందా లేదా అన్నది కక్షిదారు వైపు నుంచి చూడాలని 1987లో రంజిత్ ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. అందుకే కేసు బదిలీ కోరుతూ మీకు అర్జీ పెట్టాం.

పెండింగు కేసును మరో లేబర్ కోర్టుకు మార్చే అధికారాన్ని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 33-బి సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. కారణాలు ఉత్తర్వులో రాయాలంది. మార్చేముందు అవతలి పక్షాన్నీ వినాలని 1990లో నేలీ భారత్ ఇంజినీరింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మేం అడిగేదీ అదే. యాజమాన్యానికి నోటీసివ్వండి, కోర్టు రోజువారీ నమోదుల డాకెట్ షీట్లు తెప్పించి చూడండి, కారణాలు రాసి ఉత్తర్వివ్వండి.

మా అర్జీ మీ శాఖలోనే ఉంది. తీర్పు వచ్చాక బదిలీకి అర్థం ఉండదు. వాదనలు ముగిసేలోగా నిర్ణయం తీసుకోండి.

ఇట్లు,
ఒక కార్మిక సంఘం కార్యకర్త