లాగ్‌బుక్కుతో కూడ అమ్మవలెను

బస్తరు దక్షిణ భాగమున, నేటి దంతెవాడ జిల్లాలో, కిరందుల్, బచేలీ పట్టణములకు పైన నిలిచిన బైలదిలా కొండలలో 1968 నుండి ప్రభుత్వరంగ సంస్థయగు ఎన్.ఎం.డి.సి. ఇనుపరాతిని త్రవ్వుచున్నది. ఆ రాయి కొత్తవలస–కిరందుల్ రైలుమార్గమున విశాఖ రేవునకు చేరుచుండుటచేతను, ఆ సంస్థ ప్రధాన కార్యాలయము హైదరాబాదున నుండుటచేతను, ఆ గనులనే నమ్ముకొని బ్రదుకుచున్న తెలుగు కుటుంబములు అక్కడ నుండుటచేతను, ఆ కొండలపై అరిగిపోవు డోజర్ల, డంపర్ల యోగక్షేమములు మనకు పరాయివి కావు.

మరమ్మతు చేయింతమా, అమ్మివేయుదమా అను ప్రశ్నను సాధారణముగా యంత్రము కదలక నిలిచిన నాడు వేసికొందురు. అప్పటికి సమయము మించిపోవును. డోజరు గొలుసునే తీసికొందము. అందలి బుష్షులు ఒక ప్రక్కనే అరుగును గనుక, తగిన వేళ వానిని పిన్నులతో కూడ సగము చుట్టు త్రిప్పి బిగించినచో అదే గొలుసు మరికొంతకాలము నడచును. బుష్షు గోడ పలుచనై పగిలిన పిమ్మట త్రిప్పుటకేమియు మిగులదు. ఇంజను ఆయిలును పరీక్ష చేయించినచో, దుమ్ము ఎంత చొచ్చినదో, ఏ లోహము అరుగుచున్నదో ముందుగనే తెలియును. మరమ్మతు ఖర్చును కొత్త యంత్రపు వెలతో పోల్చి తృప్తిపడుట చాలదు. ఆ మరమ్మతు వలన లభించు పనిగంటలెన్ని, ఒక్కొక్క గంటకు పడు ఖర్చెంత, డంపరు ఆగినందున షావెల్ ఎంతసేపు ఊరక నిలుచును అనునవి లెక్కింపవలెను. ఈ లెక్కకు ఆధారము హవర్ మీటరు కంటె లాగ్‌బుక్కే.

ఇంజనును, గేర్‌బాక్సును మార్చవచ్చును. చాసిస్ పగిలి, అతికించిన చోటనే మరల మరల పగులుచున్న డంపరు విషయమున మాత్రము నాకు సందేహము లేదు: దానిని బాగుచేయింపరాదు, యంత్రముగా అమ్మరాదు.

1964లో ఏర్పడిన ఎం.ఎస్.టి.సి. ప్రభుత్వరంగ సంస్థల పాత సామగ్రిని వేలము వేయుచున్నది. ఇట్టి వేలములలో సరకు ఉన్నచోట ఉన్నట్లుగా, ఫిర్యాదునకు తావు లేకుండ అమ్ముడుపోవును. ఈ నిబంధన అమ్మువానిని కాపాడును గాని, అట్లు డంపరును కొన్న చిన్న కంట్రాక్టరు వద్ద దినకూలికి చేరి, బ్రేకుల చరిత్ర తెలియక నిండు బరువుతో వాలు దిగు డ్రైవరును కాపాడదు. లోపములు వెల్లడించినచో ధర పడిపోవునని వాదింతురు. లోపల ఏమున్నదో తెలియని కొనుగోలుదారుడు మంచి యంత్రమునకును చెడ్డదాని ధరయే పలుకుననుట వారు మరచుచున్నారు; చక్కగా పోషింపబడిన డోజరునకు దాని లాగ్‌బుక్కే సాక్షి.

కావున ప్రతి వేలమునను లాగ్‌బుక్కును, ఆయిలు పరీక్షల నివేదికలను యంత్రముతో కూడ అప్పగింపవలెను. చాసిస్ చెడినదానిని గని ద్వారము దాటకముందే గ్యాసుతో కోసి తుక్కుగా తూచవలెను. తుక్కు ధరకును యంత్రపు ధరకును గల వ్యత్యాసమును తమ నష్టముగా వ్రాసికొనుటకు గనుల యాజమాన్యములు సమ్మతింపవలెను.