కూతురికి కట్నం కాదు, దస్తావేజు ఇవ్వండి

"బాత్‌రూములో జారి పడ్డానండి."

ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసిన ప్రతి వైద్యుడూ ఈ వాక్యం విని ఉంటాడు. జారిపడిన మనిషికి సాధారణంగా మోకాలో, మణికట్టో, తుంటో దెబ్బతింటుంది. కర్ణభేరి చిరగదు. ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక ఒక్కటే విరగడమూ అరుదు. ముఖం మీదికి వస్తున్న దెబ్బకు చేయి అడ్డుపెట్టినప్పుడు అది అలా విరుగుతుంది. ఒకే ఒంటిమీద ఒక మచ్చ ఎర్రగా, ఒకటి నీలంగా, మరొకటి పసుపుపచ్చగా ఉంటే అవి ఒక్క రోజున తగిలిన దెబ్బలు కాకపోవచ్చు. ఇదంతా మాకు వైద్య కళాశాలలోనే నేర్పారు.

అయినా నేను కుట్లు వేశాను. ధనుర్వాతం రాకుండా సూది ఇచ్చాను. కేసు షీటులో "జారిపడుట వలన గాయం" అని వ్రాసి, నొప్పి మాత్రలు చేతిలో పెట్టి పంపాను. ఉద్యోగ జీవితంలో అలా ఎందరిని పంపానో లెక్క లేదు. "ఎవరు కొట్టారమ్మా?" అని కొందరినైనా అడిగాను. "ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్తావమ్మా?" అని మాత్రం ఎవరినీ అడగలేదు. పదవీ విరమణ తరువాత ఆర్థికవేత్తల పరిశోధనలు తీరికగా చదువుతున్నప్పుడు తెలిసింది, నేను అడగవలసినది ఆ రెండవ ప్రశ్న అని.

ఆరోగ్య విషయాలు వ్రాసేచోట ఆస్తుల ప్రసక్తి ఎందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నివేదిక ప్రకారం, భర్త లేదా సహచరుని హింసకు గురైన స్త్రీలలో మానసిక కుంగుబాటు దాదాపు రెట్టింపు. వారికి తక్కువ బరువుతో బిడ్డలు పుట్టే అవకాశం 16 శాతం ఎక్కువ. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం వివాహిత స్త్రీలలో భర్త చేతి హింసను అనుభవించినవారు దేశంలో 29.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. ఇంతమందికి సోకే జ్వరమైతే ఊరూరా శిబిరాలు పెట్టేవాళ్ళం.

ఇటువంటి హింస వల్ల దేశాలకు కలిగే నష్టాన్ని కూడా ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. దక్షిణాఫ్రికాలో 2014లో వెలువడిన ఒక అంచనా దానిని స్థూల దేశీయోత్పత్తిలో 0.9 నుంచి 1.3 శాతంగా తేల్చింది. ప్రభుత్వాలను కదిలించడానికి ఆ లెక్కలు పనికిరావచ్చు. నాకు అంతకంటె విలువైనవిగా తోచిన పరిశోధనలు వేరు. దెబ్బ ఖరీదెంత అని కాక, దెబ్బ ఎవరి ఇంట తక్కువగా పడుతున్నది, ఎందువల్ల అని అవి అడిగాయి.

కేరళ చెప్పిన లెక్క

ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ కేరళలోని తిరువనంతపురం జిల్లాలో సుమారు 500 మంది వివాహిత స్త్రీలను ప్రశ్నించి, ఫలితాలను 2005లో ప్రచురించారు. అక్షరాస్యతలో, స్త్రీల ఆయుర్దాయంలో దేశానికే తలమానికమని మనం చెప్పుకొనే రాష్ట్రమది. అక్కడ కూడా మూడింట ఒక వంతుకు పైగా స్త్రీలు భర్త చేత దెబ్బలు తిన్నామని చెప్పారు. చదువు వస్తే చాలు, ఈ జాడ్యం దానంతట అదే పోతుందనే మన నమ్మకానికి ఇది తొలి దెబ్బ.

వారు ఆస్తిని బట్టి ఆ స్త్రీలను వేరు చేసి చూశారు. తన పేరున ఇల్లుగాని భూమిగాని లేని స్త్రీలలో 49 శాతం మంది భర్త చేత దెబ్బలు తిన్నారు. భూమి మాత్రమే ఉన్నవారిలో 18 శాతం. ఇల్లు మాత్రమే ఉన్నవారిలో 10 శాతం. రెండూ ఉన్నవారిలో 7 శాతం.

నలభై తొమ్మిది ఎక్కడ, ఏడు ఎక్కడ! ప్రమాదాన్ని ఇంతగా తగ్గించే మందు ఏదైనా బజారులోకి వస్తే మా వృత్తివారు దానిని నెత్తిన పెట్టుకొని ఊరేగేవారు.

భూమి కంటె ఇల్లు ఎక్కువ కాపాడటంలో వింత లేదు. భూమి పంటకాలానికి గాని అక్కరకు రాదు. ఇల్లు రాత్రి పదకొండు గంటలకు కూడా అక్కరకు వస్తుంది. పైగా ఆమె నిజంగా ఆ ఇంటికి వెళ్ళిపోనక్కరలేదు. వెళ్ళగలదన్న సంగతి భర్తకు తెలిసి ఉంటే చాలు, ఎత్తిన చేయి చాలాసార్లు ఆగిపోతుంది. ఆర్థికవేత్తలు దీనిని బేరమాడే శక్తి అంటారు. మన పల్లెల్లో "దిక్కున్న మనిషి" అంటారు.

కట్నం ఆస్తి కాదు

"మేము మాత్రం ఇవ్వడం లేదా? పది లక్షలు, పాతిక తులాలు పెట్టి పంపాము. అదే ఆమె వాటా" అనే తల్లిదండ్రులు ఈ మాట వినాలి.

విజయేంద్ర రావు, ఫ్రాన్సిస్ బ్లోక్ కర్ణాటక గ్రామాలలో చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. కట్నం తక్కువ తెచ్చిన స్త్రీలకు దెబ్బల ముప్పు ఎక్కువని అందులో తేలింది. అది మనం ఊహించగలిగినదే. సంపన్నుల ఇంటి ఆడపిల్లలకూ ముప్పు ఎక్కువేనన్నది రెండవ ఫలితం. పుట్టింట డబ్బున్నదని తెలిసిన భర్త, దానిని రాబట్టుకోవడానికి భార్యను కొడతాడు. అంటే అక్కడ హింస కోపతాపాల వల్ల తన్నుకొని వచ్చేది కాదు, వసూలు సాధనం.

కట్నానికీ ఆస్తికీ తేడా ఇక్కడే ఉన్నది. కట్నం పెళ్ళిపందిట్లోనే చేతులు మారుతుంది. అది అల్లుడి అప్పులకో, ఆడపడుచు పెళ్ళికో, అత్తవారి మేడకో చేరుతుంది. అమ్మాయి ఆ మేడలో ఉండవచ్చుగాని అది ఆమెది కాదు. ఒకసారి చెల్లించిన వారు మళ్ళీ చెల్లిస్తారన్న ఆశ మాత్రం ఆ ఇంట మిగులుతుంది. 1961 నుంచి నేరమైన కట్నాన్ని "కూతురి వాటా" అని పిలవడం మనల్ని మనం మోసగించుకోవడమే. నిజానికి మన కోస్తా పల్లెల్లో పసుపుకుంకుమల కింద ఆడపిల్లకు ఎకరమో అరెకరమో ఇచ్చే ఆనవాయితీ ఉండేది. ఆ భూమి ఆమె పేరున, ఆమె అధీనంలో నిలిచినచోట అది వాటాయే. నోట్ల కట్టలుగా మారినచోట అది వట్టి కట్నం.

ఉద్యోగం చాలదా?

ఉద్యోగం అవసరమే. కాలిఫోర్నియాలో 1990–2003 మధ్య గృహహింస తగ్గింది; ఆ తగ్గుదలలో సుమారు 9 శాతానికి స్త్రీపురుషుల వేతనాల మధ్య అంతరం తగ్గడమే కారణమని అన్నా ఐజర్ అనే ఆర్థికవేత్త లెక్కగట్టారు. కాని బంగ్లాదేశ్‌లో రేచెల్ హీత్ చేసిన అధ్యయనం మరొక ముఖం చూపింది. చదువు తక్కువై, చిన్న వయసులో పెళ్ళైన స్త్రీలు పనిలోకి వెళ్ళినప్పుడు వారిపై హింస ఎక్కువగా కనిపించింది. జీతం నెలనెలా చేతికొస్తుంది. భర్త దానిని నెలనెలా గుంజుకోనూవచ్చు. దెబ్బలు తిని పదిరోజులు పనికి వెళ్ళలేకపోతే ఆ జీతమూ ఉండదు. అందుచేత సంపాదన ఆస్తికి తోడు కావాలేగాని, బదులు కాలేదు.

మన ఇంటి సంగతి

ఈ విషయంలో తెలుగువారికి చట్టం లేదనే సాకు లేదు. తండ్రి వీలునామా వ్రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఉన్నదని హిందూ వారసత్వ చట్టం 1956లోనే చెప్పింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో ఆ చట్టాన్ని సవరించి, అవివాహిత కుమార్తెలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో జన్మతః హక్కు కల్పించింది. దేశం మొత్తానికి ఆ హక్కు 2005లో గాని రాలేదు. తండ్రి అప్పటికి జీవించి ఉన్నా లేకున్నా ఆ హక్కు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది.

హక్కులో ముందున్నాము గాని హింసలో వెనుకబడలేదు. కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంకొక ప్రశ్న ఉన్నది: భార్యను భర్త కొట్టడం ఏ సందర్భంలోనైనా సబబేనా? మన రెండు రాష్ట్రాలలోను దాదాపు 84 శాతం మంది స్త్రీలు ఏదో ఒక కారణానికి సబబేనన్నారు. దేశంలో మరెక్కడా అంతమంది అలా అనలేదు. వెళ్ళడానికి చోటు లేని మనిషి, తాను ఉన్నచోటును సమర్థించుకోక ఏం చేస్తుంది?

చట్టం ఇచ్చినదానిని ఇంట్లో ఎలా తీసుకుంటామో నాకు తెలుసు. తీసుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. మా నాన్నగారు పోయిన ఏడాది మా చెల్లెలిని సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి తీసుకువెళ్ళి హక్కు విడుదల పత్రం మీద సంతకం చేయించాము. పట్టుచీర పెట్టాము. "అన్నయ్యకు నేను అడ్డమా?" అని నవ్వుతూ సంతకం చేసింది. రెండేళ్ళ తరువాత ఒక రాత్రి చెవి నుంచి రక్తం కారుతూ మా గుమ్మంలో నిలబడింది. చెవి చూశాను. కర్ణభేరి చిరిగింది. మందు వేశాను. నాలుగో రోజున "సర్దుకుపోవాలమ్మా" అని నేనే బస్సెక్కించి వచ్చాను. ఆమె వచ్చి నిలబడిన ఇల్లు రెండేళ్ళ క్రితం వరకు ఆమెది కూడా. ఆమె నా ఇంటికి రాలేదు, తన ఇంటికి వచ్చింది. ఆ సంగతి ఆనాడు నాకు తోచలేదు.

తరచు వినిపించే అభ్యంతరాలు

"ఐదువందల మందిని చూసి ఇంత మాట అంటారా?" న్యాయమైన ప్రశ్నే. ఆస్తి ఉన్న స్త్రీలు ఇతర విధాలుగా కూడా అదృష్టవంతులై ఉండవచ్చు. ఆ పరిశోధకులు కుటుంబ ఆర్థిక స్థితి వంటి ఇతర కారణాలను కూడా లెక్కలోకి తీసుకొని చూశారు. అప్పటికీ ఆస్తి ప్రభావం నిలిచింది.

"ఆస్తి పేరున పెడితే కాపురంలో గొడవలు పెరుగుతాయి." దీనిని తోసిపుచ్చలేను. వారసత్వ చట్టాలు మారిన రాష్ట్రాలలో స్త్రీపురుషులిద్దరి ఆత్మహత్యలూ పెరిగాయని, కుటుంబ ఘర్షణలే అందుకు కారణం కావచ్చునని సివన్ ఆండర్సన్, గరాన్స్ జెనికో 2015లో చూపారు. నా దృష్టిలో దాని అర్థం హక్కు ఇవ్వవద్దని కాదు. హక్కును చట్టంలో పెట్టి, ఇంట్లో ఒంటరిగా పోరాడి తెచ్చుకోమని ఆడపిల్లను వదిలేస్తే ఘర్షణే మిగులుతుంది. తండ్రీ అన్నదమ్ములూ తామే ముందుకు వచ్చి వ్రాసి ఇస్తే ఆమె ఎవరితో పోరాడాలి?

"మాకు ఆస్తే లేదు." ప్రధానమంత్రి ఆవాస్ యోజన ఇళ్ళకు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంచిన ఇళ్ళస్థలాలకు పట్టా స్త్రీ పేరున ఇచ్చే పద్ధతి ఉన్నది. ఆ కాగితం ఆమె పెట్టెలోనే ఉండాలి, మగవాడి తాకట్టులోకి పోకూడదు.

చేయవలసినవి

తల్లిదండ్రులకు: పెళ్ళికి ఖర్చుపెట్టదలచిన సొమ్ముతో చిన్నదైనా ఒక ఇల్లు, అది కుదరకపోతే స్థలం, అమ్మాయి ఒక్కతె పేరున రిజిస్టరు చేయించండి. అల్లుడి పేరు చేర్చవద్దు. అసలు దస్తావేజు ఆమె దగ్గరే ఉంచండి. స్వార్జితాన్ని వీలునామా ద్వారా ఎవరికైనా వ్రాయవచ్చు గనుక, చట్టం చూసుకుంటుందిలే అనుకోవద్దు. వీలునామాలో కూతురి పేరు వ్రాయండి.

అన్నదమ్ములకు: చెల్లెలిని సంతకం అడగవద్దు. ఆమె తానుగా ఇచ్చినా తీసుకోవద్దు.

దెబ్బలు తింటున్న అమ్మలకు: 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం ఇల్లు ఎవరి పేరున ఉన్నా, మీరు కాపురముంటున్న ఆ ఇంట్లో నివసించే హక్కు మీకున్నది. 181కి ఫోను చేయండి. సఖి కేంద్రాలలో వైద్యం, న్యాయ సలహా, తాత్కాలిక ఆశ్రయం దొరుకుతాయి. ఆసుపత్రిలో నిజం చెప్పండి. రేపు న్యాయస్థానంలో ఆ కాగితమే సాక్ష్యం.

నా వృత్తిలోని వారికి: వెంట వచ్చిన భర్తను, అత్తగారిని బయట కూర్చోబెట్టి రోగితో ఒంటరిగా మాట్లాడండి. ఆమె చెప్పినది, మీరు చూసినది ఉన్నదున్నట్టు వ్రాయండి. ముంబయిలో బాంద్రాలోని భాభా ఆసుపత్రి 2000 సంవత్సరం నాటికే దిలాసా పేరుతో హింసా బాధితులకు ప్రత్యేక విభాగం ఏర్పాటు చేసుకున్నది. ప్రభుత్వాసుపత్రిలో ఇది సాధ్యం కాదనే మాట చెల్లదు.

రెండేళ్ళ క్రితం మా నాన్నగారి ఇంటిలో సగం మా చెల్లెలి పేరున రిజిస్టరు చేయించాను. ఆమె సంతకం చేసి, కలం నా చేతికిచ్చి, "ఇది ఆ రోజున ఉంటే ఆ బస్సు ఎక్కేదాన్ని కాదు అన్నయ్యా" అన్నది. ఆమెకు ఆ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు.

మీ ఇంట్లో దస్తావేజులు ఏ బీరువాలో ఉన్నాయో మీకు తెలుసు. ఈ రాత్రి తీసి, వాటి మీద ఎవరెవరి పేర్లున్నాయో ఒకసారి చదవండి.