వాన మన వాదన తేలేదాకా ఆగదు

2025 ఆగస్టు 27, వినాయక చవితి. మండపాల్లో గణపయ్య కొలువుదీరే వేళ కామారెడ్డి మీద ఆకాశం విరుచుకుపడింది. రాజంపేట మండలం అర్గొండలో దాదాపు ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య కంకర, మట్టి కొట్టుకుపోయి రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. ఎల్లారెడ్డి వైపు, నిజాం కాలపు పోచారం జలాశయం కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్లు బిక్కుబిక్కుమన్నాయి. నూరేళ్ల కట్ట మాత్రం నిలబడింది. ఇంత చూశాక కూడా ‘వానలు ఎప్పుడూ ఉన్నవే, భూతాపం ఉత్త ప్రచారం’ అనేవాళ్లున్నారు. నిజమే, ఏ ఒక్క వరదనూ పూర్తిగా భూతాపానికే అంటగట్టలేం. వాగులు, నాలాలను ఆక్రమించిన మన పాపమూ అందులో ఉంది. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. ఆ తేమే కుండపోతగా దిగుతుంది. ఆ వేడికి కారణం మనిషేనని, అందులో సందేహం లేదని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021లోనే తేల్చిచెప్పింది. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో 280 పీపీఎం (పది లక్షల భాగాల్లో 280) ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. కాల్చిన బొగ్గు, చమురే అందుకు ప్రధాన కారణం. కాబట్టి కారణాల మీద వాదన చాలు. బొగ్గు వాడకం తగ్గించాలని ప్రభుత్వాలను నిలదీద్దాం. మన చెరువుల అలుగులు, వాగుల దారులు వచ్చే వానాకాలానికి ముందే బాగుచేయించుకుందాం. ఈసారి పోచారం కట్ట మనల్ని కాపాడింది. ఇక మన వంతు.