నవ్వించేవాడికి బాధ తెలియదా?

కన్నీళ్లు పెట్టించేవాడే కవి, నవ్వించేవాడు ఉత్త కాలక్షేపపు మనిషి అన్న అభిప్రాయం మన గోష్ఠుల్లో బాగా పాతుకుపోయింది. నా మటుకు నాకు ఇది ఒట్టి భ్రమ అనిపిస్తుంది. సాక్ష్యంగా జాన్ ప్రైన్ అనే అమెరికన్ గాయకుడి తొలి పాటల్ని మిత్రుల ముందుంచుతున్నాను. జానపదమూ, కంట్రీ సంగీతమూ కలిసిన బాణీ అతనిది.

ప్రైన్ 1946లో చికాగో పక్కన మేవుడ్‌లో పుట్టాడు. సైన్యంలో చేరి పశ్చిమ జర్మనీలో మెకానిక్‌గా పనిచేశాడు. పోస్ట్‌మన్‌గానూ పనిచేశాడు. ఇంటింటికీ ఉత్తరాలు పంచుతూ మనసులో పాటలు కట్టుకునేవాడు. 1970లో సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ పత్రికలో రాసిన వ్యాసం అతన్ని నలుగురి దృష్టికీ తెచ్చింది. తొలి రికార్డు 1971లో వచ్చింది. అందులోని పాటలు రాసేనాటికి అతనికి పాతికేళ్లు నిండలేదు. అంటే దాదాపు మన ఈడువాడే!

ఆ పాటల్లో మాట్లాడేది ఎవరో గమనించండి. 'హలో ఇన్ దేర్'లో పిల్లలు తలో దిక్కుకూ పోగా భార్యతో మిగిలిన ముసలాయన తన గోడు తానే చెప్పుకుంటాడు. 'ఏంజెల్ ఫ్రమ్ మాంట్‌గామరీ'లో కాపురంతో విసిగిన స్త్రీ 'నేను' అంటుంది. 'సామ్ స్టోన్' యుద్ధం నుంచి మత్తుమందుకు బానిసై తిరిగొచ్చిన సిపాయి కథ. దాని పల్లవి మాత్రం తండ్రిని చూస్తున్న పసివాడి నోట వస్తుంది.

ఇక హాస్యం సంగతి. వియత్నాం యుద్ధకాలపు బూటకపు దేశభక్తిపై ఒక పాట కట్టాడు. అందులో ఒకడు కారు అద్దం నిండా జెండా బొమ్మలు అంటించుకుంటాడు. దారి కనబడక చెట్టుకు గుద్దుకుని చనిపోతాడు. తీరా వెళ్తే స్వర్గంలో చోటు లేదంటారు. ఆ మూర్ఖుడు కూడా 'నేనే'! ఎవరినో దూరాన నిలబెట్టి వెక్కిరించలేదు. నవ్వుకైనా, జాలికైనా అతను చేసింది ఒకటే పని: ఎదుటివాడి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

ఇలా నవ్విస్తే ఆగ్రహం చల్లారిపోదా అని కొందరు అడగొచ్చు. చల్లారదు. కెంటకీలో తన తల్లిదండ్రుల ప్రాంతాన్ని బొగ్గు కోసం తవ్వి పాడుచేసిన కంపెనీని 'పారడైజ్' పాటలో పేరు పెట్టి మరీ నిలదీశాడు.

ప్రైన్ 2020 ఏప్రిల్ 7న కోవిడ్‌తో కన్నుమూశాడు. అతని తొలి పాటలు మాత్రం మనలాంటి కుర్రకారుకు పాఠాలుగా మిగిలాయి. మనం కవితల్లో 'పీడితులారా' అని కేకలు వేస్తాం. మన మెస్‌లో వడ్డించే తాతగారి పేరు ఎంతమందికి తెలుసు? ఆయన గురించి రాసేముందు ఆయన పక్కన కాసేపు కూర్చుందాం. ఆయన వేసే జోకులకు నవ్వుదాం. ఆ తర్వాత రాసే కవితలో జాలి తక్కువైనా నిజం ఎక్కువ ఉంటుంది.