మంచంలా లేచే పడవ

నౌపడ నుంచి ఒక అబ్బాయి ఇలా రాశాడు: "నేనొక సినిమాలో మరపడవ చూశాను. దాని వెనక భాగాన ఒక చిన్న పడవ, గోడకు ఆనించినట్టు పక్కవాటుగా నిలబడి వుంది. ఇద్దరే మనుషులు దాన్ని నీళ్ళలోంచి తీసి అలా నిలబెట్టారు. మా భావనపాడు ఒడ్డున పడవను ఇసక మీదికి చేర్చాలంటే అంతమంది పట్టాలి గదా, వాళ్ళిద్దరికీ అంత బలం ఎక్కడిది?"

నౌపడ అనగానే పెద్దవాళ్ళకు ఉప్పుమళ్ళు గుర్తుకు వస్తాయి, గుణుపురం పోయే రైలు గుర్తుకు వస్తుంది. పేరులో 'నౌ' వున్నా పడవల సంగతి ఎవరూ అడగరు. ఈ అబ్బాయి అడిగాడు, సంతోషం.

ఆ ఇద్దరూ భీముడి తమ్ముళ్ళేమీ కారు. అసలు సంగతేమంటే, వాళ్ళు పడవను ఎత్తనేలేదు. సగమే ఎత్తారు!

పొద్దున్నే అమ్మమ్మ నులకమంచాన్ని ఏం చేస్తుందో ఎప్పుడైనా గమనించారా? మంచాన్ని నాలుగు కోళ్ళతో గాలిలోకి లేపదు. ఒక పక్క పట్టుకుని పైకి లేపుతుంది. రెండో పక్క నేలమీదనే వుంటుంది. మంచం నిలువుగా లేచి గోడకు ఆనుకుంటుంది. అమ్మమ్మకు మంచం మొత్తం మొయ్యటానికి బలం చాలదు గాని, దాన్ని నిలబెట్టటానికి చాలుతుంది.

దీన్ని మీరే పరీక్షించి చూడవచ్చు. పాతకాగితాలు కొనేవాళ్ళ దగ్గర కొక్కెం కాటా వుంటుంది. నాలుగు కిలోల చెక్కబల్ల ఒకటి నేలమీద పరిచి, ఒక కొసకు కాటా తగిలించి, ఆ కొసను జానెడు పైకి లేపండి. కాటా రెండు కిలోలే చూపుతుంది. మిగిలిన రెండు కిలోలూ ఎవరు మోస్తున్నట్టు? రెండో కొస కింద వున్న నేల!

ఇంకొక తమాషా వుంది. బల్లకు లంబంగా నెట్టుతూ పోతే, అది లేస్తున్నకొద్దీ పని తేలికవుతుంది. నేలతో 60 డిగ్రీల కోణానికి వచ్చేసరికి మొత్తం బరువులో నాలుగో వంతు బలం చాలు. నిట్టనిలువుగా అయ్యాక, పడిపోకుండా చూసుకోవటమే మన పని. అంటే, కష్టమంతా మొదట్లోనే వుందన్నమాట.

ఈ సగం బరువు కిటుకు జాలరులకు తెలిసినదే. బరువైన పడవను ఇసక మీద జరపవలసి వచ్చినప్పుడు, ఒక కొసను లేపి పక్కకు తిప్పి దించుతారు. తరవాత రెండో కొస. పడవ ఒకసారి ఈ కాలు, ఒకసారి ఆ కాలు వేసి నడిచినట్టు ఒడ్డెక్కుతుంది. కొయ్య తెప్పల రోజుల్లో దీనికన్నా మంచి ఉపాయం వుండేది. తెప్ప అంటే దుంగలు చేర్చి తాళ్ళతో కట్టినది. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, భాగాలుగా మోసుకుపోయి, ఆరబెట్టేవారు. నీరు పీల్చిన కర్ర బరువెక్కుతుంది గనక ఆరబెట్టటమూ అవసరమే. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి మోటారు పెట్టిన ఫైబరు పడవలు. వాటిని విప్పటానికి వీలు లేదు.

ఇక సినిమాలో చూసిన పడవ. షికారు మరపడవలకు వెనక భాగాన, నీటికి కాస్త ఎత్తులో, మన ఇంటి ముందరి అరుగు వంటిది వుంటుంది. ఈతకు దిగేవాళ్ళు దాని మీదినుంచి దిగుతారు. ఒడ్డుకు పోయి రావటానికి తెచ్చుకునే చిన్న పడవను డింగీ అంటారు. (ఇంగ్లీషువాళ్ళు ఈ మాటను మన దేశంలోనే నేర్చుకుని పోయారు.) అరుగు అంచున రెండు కొక్కేలు వుంటాయి. డింగీని అరుగుకు సమంగా తెచ్చి, దగ్గరి పక్కను ఆ కొక్కేలకు తగిలిస్తారు. అవతలి పక్కకు కట్టిన తాడును లాగుతారు. డింగీ తలుపు బందుల మీద తిరిగినట్టు కొక్కేల మీద తిరిగి, అరుగు మీద నిలబడుతుంది. దాని కడుపు పెద్ద పడవ వైపు, వీపు సముద్రం వైపు వుంటాయి. డింగీ బరువు 40 కిలోలనుకుందాం. అప్పుడు ఇద్దరూ కలిసి ఎత్తవలసింది 20 కిలోలు!

కాని దీనికి ముందు చెయ్యవలసిన పనులు కొన్ని వున్నాయి. పెద్ద పడవ ఇంజను ఆపాలి, ఎందుకంటే దాని చక్రం అరుగు కిందనే ఎక్కడో తిరుగుతూ వుంటుంది. డింగీకి మోటారు వుంటే విప్పి లోపల పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, లోపలి నీటిని తోడిపొయ్యాలి. రెండున్నర మీటర్ల పొడవు, మీటరూ ఇరవై సెంటీమీటర్ల వెడల్పు వున్న పెట్టెలో పది సెంటీమీటర్ల లోతు నీరు నిలిస్తే, ఆ నీరే 300 కిలోలు తూగుతుంది! చూడటానికి పాదాలు మునిగేటంత నీరే. ఇది తెలియక లాగినవాళ్ళ తాళ్ళు తెగుతాయి, కొక్కేలు ఊడతాయి.

నిలబెట్టాక గట్టి కడ్డీలతో ఊతం ఇచ్చి, రెండు కొసలూ కట్టెయ్యాలి. అమ్మమ్మ ఇంటి గోడ కదలదు గాని, సముద్రం మీద అరుగు వూగుతూనే వుంటుంది. అరుగుకూ డింగీకీ నడుమ చెయ్యి పెట్టారో, వేళ్ళు నలుగుతాయి.

ఎత్తటం ఎంత ముఖ్యమో దించటం అంతకన్నా ముఖ్యం. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు దాని మీద 20 ప్రాణరక్షణ పడవలు వున్నాయి. వాటిలో రెండింటిని అధికారుల గదుల కప్పుమీద వుంచారు. ఆపదవేళ అంత బరువును కిందికి దించటానికి నావికులు తెడ్లను వాలుగా ఆనించి, వాటిమీదుగా జార్చబోయారు. ఒక పడవ తలకిందులుగా పడింది. సరిచేసే వ్యవధి లేక, బోర్లాపడినది బోర్లాపడినట్టే నీటిమీద తేలిపోయింది. సుమారు ముప్ఫైమంది దాని వీపు మీద నిలబడి, తెల్లవారేదాకా ప్రాణాలు నిలుపుకున్నారు.

అరుగు మీది డింగీని దించటం అంత కష్టం కాదు. కట్లు విప్పి, తాడును మెల్లమెల్లగా వదిలితే అదే పడుకుంటుంది. అయితే డింగీ అడుగున నీరు పోవటానికి ఒక చిల్లి, దానికి బిరడా వుంటాయి. పైకి తీసినప్పుడు నీరు కారిపోవాలని బిరడా తీస్తారు. దించేముందు మళ్ళీ బిగించటం మరిచిపోయేవాళ్ళు ఎందరో! మరి తెప్పకు బిరడా ఎక్కడుంటుందని మన నౌపడ అబ్బాయి మళ్ళీ ఉత్తరం రాస్తాడేమో. తెప్పకు దుంగల సందులన్నీ చిల్లులే. ఎక్కిన నీరు ఎక్కినట్టే దిగిపోతుంది.