ఎవరి లెక్క వారిది

మా మదర్సాలో చదివి, ప్రస్తుతం ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉన్న కుర్రవాడొకడు రమజాన్‌కు ముందు మా వద్దకు వచ్చాడు. మొహల్లా వారి జకాత్ లెక్కించేందుకు పైథాన్‌లో ఒక ప్రోగ్రామ్ వ్రాస్తున్నాడు. అందులోని 'క్లాస్', 'ఆబ్జెక్ట్' అనే మాటలకు అర్థమేమిటని అడిగాము. "ఉస్తాద్, సర్ఫ్ పాఠంలో మీరు నేర్పిన వజన్ వంటిదే" అన్నాడు. ఫాఇల్ అనే ఒకే అచ్చు నుండి కాతిబ్, ఆలిమ్, హాఫిజ్ అనే పదాలు వెలువడతాయి. అచ్చు క్లాస్, దానితో తయారైన ఒక్కొక్కటీ ఆబ్జెక్ట్. పోలిక పూర్తిగా అతకదు గానీ, విషయం మాకు బోధపడింది.

అతడు తన క్లాస్‌కు 'ఇల్లు' అని పేరు పెట్టాడు. ఇంటికొక ఆబ్జెక్ట్; అందులో బంగారం, వెండి, నగదు, అప్పులు. అక్కడే ఆపాము. జకాత్ ఇంటిపై కాదు, సొత్తు గల వ్యక్తిపై విధి. భార్య నగలు భార్యవి, వాటి జకాత్ బాధ్యతా ఆమెదే. భర్త తన అప్పును ఆమె బంగారం నుండి తీసివేయరాదు. మన ఇళ్ళలో ఈ పొరపాటు కంప్యూటర్ లేకుండానే జరుగుతూ ఉన్నది. అతడు 'ఇల్లు' కొట్టివేసి 'వ్యక్తి' అని వ్రాసుకున్నాడు.

వారం తరువాత దిగులుగా వచ్చాడు. కల్పిత పేర్లతో పరీక్షించగా, ఒకరి పేరున వ్రాసిన అప్పు అందరి ఖాతాలలోనూ కనిపించిందట. నిసాబ్‌కు మించిన సొమ్మున్న వ్యక్తికి సైతం 'జకాత్ లేదు' అని తేలింది. అది గమనించకుంటే పేదల హక్కు అక్కడే ఆగిపోయేది. కారణం తానే కనుగొన్నాడు. అప్పుల ఖాళీ జాబితాను నేరుగా క్లాస్‌లో ఉంచాడు. అలా ఉంచిన జాబితా ఒక్కటే. ఆబ్జెక్టులన్నీ దానినే పంచుకుంటాయి. దానిని 'ఇనిట్' అనే భాగంలో 'సెల్ఫ్'కు జోడించి వ్రాస్తే, ప్రతి ఆబ్జెక్టుకూ పుట్టుకతోనే వేరొక జాబితా ఏర్పడుతుంది. రెండున్నర శాతం, 612.36 గ్రాముల వెండి నిసాబ్ మాత్రం అందరికీ ఒక్కటే గనుక క్లాస్‌లోనే ఉంచమన్నాము. జకాత్ సంవత్సరం నిండే తేదీ ఎవరిది వారికే.

సరిచేసిన పిదప మొదటి ఆబ్జెక్టును తన తల్లి పేరున సృష్టించాడు. బంగారం ఎన్ని గ్రాములమ్మా అని అడిగితే, "మీ అబ్బాను అడుగు" అన్నదట ఆమె. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉన్నది.